మిగతా అయిదూ బాగానే ఉన్నాయి

మా మావయ్యకు నీళ్ల మీద ఉన్న నోరు ఒడ్డు మీద ఉండదు. పడవలో ఉంటే ఎదురొచ్చిన ప్రతివాడినీ వరసపెట్టి పిలుస్తాడు, వాడి వలలో ఏం పడిందో అడుగుతాడు, ఏమీ పడకపోతే వెక్కిరిస్తాడు. ఒడ్డెక్కితే మా అత్త మాట్లాడుతుంది, ఆయన వింటాడు. మా అమ్మకు తమ్ముడు. నరసాపురం రేవు పక్కనే పుట్టాడు, వశిష్ఠ గోదావరి మీదే పెరిగాడు, అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే మొగలో వలేసుకుని బతికాడు. ఆ మనిషి ఇప్పుడు నది మీదకు వెళ్లడు. ఆయన్ని నది మీదే ఉంచాలని నేను చేసి పెట్టిన వస్తువే ఆయన్ని ఒడ్డున కూర్చోబెట్టింది. ఈ మాట రాయడానికి ఇన్నాళ్లూ తీరిక లేదని నాకు నేనే అబద్ధం చెప్పుకుంటూ వచ్చాను.

అసలు గొడవంతా ఆయన కుడి భుజంతో మొదలైంది. చిన్న పడవల డీజిల్ ఇంజన్లను హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. వయసులో ఉన్నప్పుడు సరే. భుజం పట్టేశాక ఆయన హ్యాండిల్ తిప్పుతుంటే చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. ఓ పొద్దున హ్యాండిల్ ఎదురు తన్నింది. చెయ్యి మెడకు కట్టించుకుని ఇంటికొచ్చాడు. డాక్టరుగారు ఇంక ఆ పని పెట్టుకోవద్దన్నారు. మా అత్తకు కావలసింది అదే. చేపల మార్కెట్లో ఆవిడ గొంతు లేస్తే బేరగాళ్లు అడిగినంత ఇచ్చి పోతారు, ఇంట్లో లేస్తే ఇంకేం ఉంటుంది! "పడవమ్మేసి గమ్మునుండు. నీ కోసం నేను ఏ మొగలో వెతుక్కోను?" అంది.

ఆయన నాతో గుట్టుగా అన్నాడు. "ఒడ్డున కూకుంటే నేను బతకనే అమ్మాయ్."

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మా వాళ్లలో ఈ చదువు చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మిక్సీ తిరక్కపోయినా, ఫ్యాను కీచుమన్నా నాకే కబురొస్తుంది. నా పరిశోధనేమో బ్యాటరీ కరెంటుతో మోటారు నడిపే కంట్రోలర్ పెట్టెల్లో స్విచ్ చెడిపోతే కనిపెట్టడం మీద. ఈ సంగతి చెబితే మా అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఇన్నేళ్లు చదివింది చెడిపోయిన స్విచ్చు కనిపెట్టడానికా? మన వీధి కరెంటాయన్ని పిలిస్తే ఇడ్లీ తినే లోపు చెప్పేస్తాడు కదే."

నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు నాకు పాఠం చెప్పే జబ్బుంది. బ్యాటరీలో కరెంటు ఒకే వైపు పోతుందనీ, మోటారు తిరగాలంటే దాని మూడు తీగల్లోకీ కరెంటు వంతులవారీగా ముందుకూ వెనక్కూ పోవాలనీ, ఆ వంతులు వేసేవి పెట్టెలోని ఆరు స్విచ్‌లనీ, తీగకు రెండేసి చొప్పున ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయనీ చెప్పాను. అవి గోడకుండే స్విచ్‌లు కావు. గోరంత ముక్కలు, రెప్పపాటులో లెక్కలేనన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటాయి; మూసుకుంటే కరెంటు పారుతుంది, తెరుచుకుంటే ఆగుతుంది. వాటిలో ఒకటి మూసుకుని ఉండిపోతే ఫ్యూజు ఎగిరిపోయి ఊరంతా తెలుస్తుంది. తెరుచుకుని ఉండిపోతేనే కష్టం. మోటారు ఆగదు. మూలుగుతూ, వణుకుతూ తిరుగుతూనే ఉంటుంది. ఆ బరువు కూడా మిగతా అయిదింటి మీదా పడి, చూసుకోకపోతే అవీ వేడెక్కి పోతాయి.

అత్త ఎప్పుడో లేచి వెళ్లి చేపలు తోముకుంటోంది. మావయ్య మాత్రం విన్నాడు. ఆయనకు అర్థం కావాలని అలివి వల సంగతి ఎత్తాను. ఒడ్డున నిలబడి పది మంది కలిసి లాగే వల అది. "ఒకడు తాడు వదిలేసి ఊరికే చెయ్యి ఆడిస్తూ నడిచాడనుకో, వల ఎలా వస్తుంది?"

"వంకరగా వత్తుంది."

"ఆ వంకర చూసి ఎవడు వదిలేశాడో చెప్పగలవా?"

"ఎందుకు చెప్పలేను? ఎటేపు జారితే అటేపోడు."

"నేను చేసేదీ అదే. మూడు తీగల్లో కరెంటు ఎటు జారిందో చూస్తాను. ఏ తీగలో, పైదా కిందిదా అని చెప్పేస్తాను."

"ఓస్, ఇంతేనా," అన్నాడు. "దీనికా నీకు డాక్టరు బిరుదిచ్చేది!"

అలా మొదలైంది ఎలక్ట్రిక్ పడవ. బ్యాటరీ ఆటోలకు వాడే మోటారు ఒకటి, బ్యాటరీలు కొన్ని, నేను చేసిన కంట్రోలర్ పెట్టె. హ్యాండిల్ తిప్పే పని లేదు, తాళం తిప్పితే చాలు. ఆయన భుజానికి అంతకంటే ఏం కావాలి? అత్త మాత్రం రేవులో అందరి ముందూ నిలేసింది. "నడి నీళ్లలో ఒక్కసారి ఆ డబ్బా నిన్ను వదిలేసిందా, ఆ రోజుతో నీకూ నదికీ చెల్లు. మాటియ్యి." ఆయన చేతిలో చెయ్యేసి ఇచ్చాడు. ఆవిడ పంతం కోసం అడిగిందని నేను తిట్టుకున్నాను గానీ, భయపడే మనిషి ఇంకెలా అడుగుతుంది?

పెట్టెలో ప్రోగ్రామ్ రాస్తున్నప్పుడు ఆయన్ని అడిగాను. స్విచ్ చెడిందని తెలిశాక మోటారును ఏం చేయమంటావని.

"ఆపెయ్యాలి. ఇంకేం చేత్తారు?"

డీజిల్ ఇంజన్లతో బతికినవాళ్లందరూ చెప్పే జవాబే అది. ఇంజను శబ్దం మారిందంటే మనసు గ్రహించే లోపే వాళ్ల చెయ్యి వెళ్లి ఆపేస్తుంది. ఇంకాసేపు నడిపితే ఇంజను పట్టేసి ఇనప ముద్దయి కూర్చుంటుంది. ఆపేశాక పొడుగాటి గెడ దించి నేలకు పోటేస్తారు, పడవ నిలబడిపోతుంది, ఎవరో ఒకరు వస్తారు. తండ్రి దగ్గర నేర్చిన పద్ధతి. ఇంకొకటి కూడా అడిగాడు. "ఆగిపోయాక మళ్లీ తాళం తిప్పినా తిరక్కుండా చెయ్యి. నా చెయ్యి ఊరుకోదు. నా వయసులో అలా తిప్పి తిప్పి మా అయ్య ఇంజను తగలేశాను." నేను చదివిన పుస్తకాల్లోనూ అదే ఉంది. లోపం కనిపించగానే ఆపు, మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ నడవనివ్వకు. నా ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్ప, తాళం తిప్పినా మోటారు తిరక్కుండా రాసేశాను. పుస్తకాలు మింగిన నేనూ, పుస్తకం ముట్టని ఆయనా ఒక్క మాట మీదకు వచ్చామని ఎంత మురిసిపోయామో!

పరీక్షలన్నీ రేవులోనే చేశాం. రేవులో గెడ అందుతుంది. మొగలో లోతు ఎక్కువ, గెడ అందదు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఇద్దరిలో ఒక్కరికీ ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

కొన్ని నెలలు ఆయన దర్జా చూడాల్సిందే. ఇంజను రొద లేదు గనక ఆయన కేకలు రెండు రేవుల అవతలికి వినపడేవి. "మా మేనకోడలు చేసింది. పొగ లేదు, ఆయిలు లేదు, మీ మొహాల్లాగా నల్లగా లేదు!" పండుగప్ప చేప పడితే ఫోటో తీయించి పంపేవాడు. భుజం నొప్పి ఊసే లేదు.

ఎండ ఇంకా ముదరని ఓ పొద్దున. నేను ల్యాబ్‌లో పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మోటారు ఆగిపోయిందే."

"పెట్టె తెర మీద ఏం రాసింది మావయ్యా?"

ఆయన కూడబలుక్కుని చదివాడు. ఆయన కోసం తెలుగులోనే రాశాను ఆ మాటలు. "రెండో తీగ... కింది స్విచ్ పనిచేయడం లేదు... మోటారు ఆపివేశాను."

ఆ వాక్యం వినగానే నాకు కలిగిన మొదటి భావం సంతోషం. కనిపెట్టింది! ల్యాబ్‌లో కాదు, నిజం నీళ్ల మీద, నిజం పడవలో, ఏ తీగో ఏ స్విచ్చో సహా కనిపెట్టేసింది. పక్కనున్న పిల్లలకు చెప్పబోయాను కూడా. ఛీ, ఎంత బుద్ధిహీనురాలినో.

"ఎక్కడున్నావు?"

"మొగ దగ్గర. ఆటు మీదుంది. నీరు సముద్రంలోనికి లాగేత్తంది."

ఆటు అంటే సముద్రం వెనక్కి తీసే వేళ. నది నీరంతా సముద్రంలోకి పరుగెడుతుంది, దానితోపాటు మీద ఉన్నదంతా.

"గెడ వెయ్యి."

"అందట్లేదే."

"లంగరు?"

"ఏశాను. ఇసకలో పట్టు దొరకట్లేదు, ఈడుత్తంది."

"తాళం తిప్పు మావయ్యా, ఒక్కసారి తిప్పు," అన్నాను. మోటారు తిరగదని నాకు తెలిసే అన్నాను.

"తిప్పుతానే ఉన్నానే. మనమే కదా వద్దనుకున్నాం." ఆయన నన్ను దెప్పలేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. అదే ఇంకా బాధ. "పెట్టేయ్, అటేపు బోట్లు కనపడతన్నాయి, కేకేత్తాను."

ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను. ఆరింటిలో ఒకటే పోయింది. మిగతా అయిదూ బాగానే ఉన్నాయి. నేను ఆపకుండా ఉండి ఉంటే ఆ మోటారు మూలిగి, కుంటి, సగం బలంతోనైనా ఆయన్ని ఒడ్డుకు చేర్చేది. దారిలో ఇంకో రెండు స్విచ్‌లు కాలిపోతే పోయేవి, అంగట్లో దొరుకుతాయి. నేనేమో స్విచ్‌లను కాపాడి మనిషిని సముద్రం వైపు వదిలేశాను. నేనూ, ఆయనా కలిసి.

స్కూటరు మీద రేవుకు ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. అత్త అప్పటికే అక్కడుంది, ఎవరు చెప్పారో. చేపల బుట్ట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎండ నడినెత్తికొచ్చాక కనిపించాయి రెండు పడవలు, ముందు డీజిల్ పడవ, దాని వెనకాల తాడుతో మా పడవ. మావయ్య చుక్కాని పట్టుకుని తలొంచుకుని కూర్చున్నాడు. రేవులో ఎవరూ వెక్కిరించలేదు. ఆయన ఇంతకాలం వెక్కిరించినవాళ్లంతా అక్కడే ఉన్నారు.

మా అత్త తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "అన్నం తిందువుగాని రా," అని ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

పెట్టె విప్పి చూస్తే అసలు స్విచ్ కూడా పోలేదు. దానికి తెరుచుకో, మూసుకో అని ఆజ్ఞలు మోసే సన్నటి తీగ అతుకు ఉప్పుగాలికీ, అదురుకీ ఊడింది. అతుకు వేయడానికి ఎంతసేపు? పక్కనున్న టీ ఇంకా చల్లారలేదు. ఆ అతుకు వేస్తూ నేను ఏడ్చినంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు. తర్వాత ప్రోగ్రామ్ అంతా తిరగరాశాను. స్విచ్ చెడితే ఇప్పుడు పెట్టె ఆగదు. ఏది చెడిందో చూసి దాన్ని పక్కన పెడుతుంది, వేగం తగ్గిస్తుంది, మిగతావాటితో కుంటుకుంటూ ఒడ్డుకు నడుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా!

"రా మావయ్యా, ఒక్కసారి చూడు," అని పిలిచాను. ముందు జ్వరమన్నాడు. తర్వాత ఎవరిదో పెళ్లన్నాడు. ఇంకోసారి పిలిస్తే "మీ అత్తకి మాటిచ్చాను కదే" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను అత్త మీదకు వెళ్లాను. నా నోటికి అడ్డేముంది? "నీ పంతం కోసం మనిషిని కుర్చీలో పాతేశావు," అన్నాను. ఆవిడ ఊరికే పడే రకం కాదు. "నువ్వు చేసిన డబ్బా మొగలో వదిలేసింది గానీ నేను కాదు," అంది. ఇద్దరం రెండిళ్ల అవతలికి వినపడేలా అరుచుకున్నాం. అరిచి అరిచి అలిసిపోయాక ఆవిడ అంది, "సరే, నాకు చూపించు."

మా అత్త చేపలమ్మి బతికిన మనిషే గానీ పడవెక్కే మనిషి కాదు. నీళ్లంటే ప్రాణభయం. ఆ సాయంత్రం చీర కుచ్చెళ్లు దోపుకుని, దేవుళ్లందరినీ, నన్నూ కలిపి తిట్టుకుంటూ ఎక్కింది. మావయ్య గట్టు మీద నిలబడ్డాడు. నది మధ్యకు వెళ్లాక నేను ఆవిడ ముందే పెట్టె మూత తీసి ఒక స్విచ్ తీగ పీకేశాను. మోటారు గుర్రుమంది, పడవంతా వణికింది. అత్త నా జబ్బ పట్టుకుంది, గోళ్లు దిగాయి. పడవ ఆగలేదు. నత్త నడకే గానీ నడిచింది. అవతల సఖినేటిపల్లి ఒడ్డు తాకి, తిరిగి నరసాపురం రేవుకు వచ్చేదాకా నడిచింది.

దిగగానే అత్త మావయ్య ముందుకెళ్లి నిలబడింది. "ఏమయ్యో, నా మాట నేను వెనక్కి తీసుకున్నాను. అందరూ వినండి. తీసుకున్నాను. ఎక్కు."

తాళంచెవి ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

"మాట కాదే," అన్నాడు మావయ్య. అత్తతోనో నాతోనో తెలియలేదు. "ఆ రోజు గెడ దించాను. దించుతానే ఉన్నాను, నేల తగల్లేదు. మొగలో అందదని నాకు తెలీదా? అయినా దించాను. అంత నీరు నా కిందున్నట్టు నాకెప్పుడూ తెలీలేదు. అప్పట్నించీ నీళ్లు చూత్తే కాళ్లు వణుకుతన్నాయి. రేవు దాటించే పంటు మీద అవతలికెళ్లినా మధ్యలో నిలబడి ఎవడో ఒకడి చొక్కా పట్టుకుంటన్నాను. సిగ్గేసి చెప్పలేదు."

అత్త అప్పుడు ఏడ్చింది. పెట్టెలో తప్పుంటే దిద్దగలను, దిద్దాను కూడా. ఆయన ఇంటి దారి పట్టాడు, అత్త వెనకాలే వెళ్లింది.

పడవను అవతలి గట్టున ఒకాయన తీసుకున్నాడు, పెట్టెతో సహా. మావయ్యే ఇచ్చేయమన్నాడు. ఇప్పుడు ఆయన గట్టు మీద కుర్చీలో కూర్చుని అందరి వలలూ కడతాడు. అడిగితే మాట్లాడతాడు, లేకపోతే లేదు. పడవలవాళ్లే వెళ్తూ వెళ్తూ ఆయన్ని వరసపెట్టి పిలుస్తారు. ఆయన చెయ్యి ఊపుతాడు.

మొన్న వానాకాలం వెళ్లాక ఆ పడవ కొన్నాయన నాకు ఫోన్ చేశాడు. మొగలోనే, ఆటు మీదే, స్విచ్ ఒకటి పోయిందట. "ఆగలేదండి. ఒణుక్కుంటా, మూలుక్కుంటా తీసుకొచ్చి ఒడ్డున పడేసిందండి. మీకు పుణ్యముంటాదండి," అన్నాడు. నేను సరేనండీ అని పెట్టేశాను. ఈ సంగతి మావయ్యకు చెప్పకూడదనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం వెళ్తే గట్టు మీదే ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. వల కడుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"విన్నానే అమ్మాయ్. మొగలోంచి ఒడ్డుకి తెచ్చిందంట కదా."

"ఎవరు చెప్పారు?"

"రేవంతా చెప్పుకుంటన్నారు." దారం ముడి బిగించాడు. "ఒకటి పోయినా తెచ్చిందంటే, ఆ రోజు మనం ఆపకుండా ఉంటే నన్నూ తెచ్చేదే కదే?"

అబద్ధం చెప్పొచ్చు. మోటారు పాతదనో, ఆ రోజు నీటి వడి వేరనో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆయన నా మొహం వంక చూస్తున్నాడు.

"తెచ్చేది మావయ్యా," అన్నాను.